కమెడియన్ల నోరు, కంపెనీల అనుమతులు: అమెరికా పౌరులైన తెలుగువారికి బహిరంగ లేఖ

తోటి పౌరులకు నమస్కారం.

అమెరికాలో స్థిరపడి, పౌరసత్వం తీసుకుని, ఓటు హక్కు పొందిన తెలుగువారిని ఉద్దేశించి ఈ లేఖ రాస్తున్నాను. మనలో రిపబ్లికన్లకు ఓటు వేసినవారున్నారు, డెమోక్రాట్లకు వేసినవారున్నారు, ఇద్దరి మీదా నమ్మకం పోయి పోలింగు నాడు ఇంట్లోనే ఉండిపోయినవారూ ఉన్నారు. నేను ఉదారవాద పక్షాన నిలబడే మనిషిని, ఆ సంగతి దాచి రాయడం లేదు. అయితే ఇక్కడ నేను లేవనెత్తుతున్న విషయం ఏ పార్టీకి ఓటు వేయాలన్నది కాదు. టీవీలో రాత్రి పదకొండున్నర దాటాక వచ్చే హాస్య కార్యక్రమాల పట్ల, టీవీ ప్రసారాలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్, అంటే ఎఫ్‌సీసీ, 2025 నుంచి వ్యవహరిస్తున్న తీరు గురించి, దాని మీద మనం పాటిస్తున్న మౌనం గురించి రాస్తున్నాను. కోట్ల డాలర్ల జీతాలు తీసుకునే ఇద్దరు ముగ్గురు కమెడియన్ల ఉద్యోగాలు మనకెందుకు అని మీలో చాలామంది అనుకుంటున్నారని నాకు తెలుసు. ఎందుకో చెప్పడానికే ఈ లేఖ.

ముందు జరిగింది జరిగినట్టు చూద్దాం. 2024 అక్టోబరులో సీబీఎస్ టీవీ నెట్‌వర్కు వారి వార్తా కార్యక్రమం '60 మినిట్స్' కమలా హారిస్‌తో చేసిన ఇంటర్వ్యూను తనకు నష్టం కలిగేలా ఎడిట్ చేశారంటూ డొనాల్డ్ ట్రంప్ దావా వేశారు. ఆ దావా నిలబడదని న్యాయ నిపుణులు అనేకులు అన్నారు. అయినా సీబీఎస్ యాజమాన్య సంస్థ పారామౌంట్ 2025 జూలై మొదట్లో కోటీ అరవై లక్షల డాలర్లకు రాజీ చేసుకుంది. అప్పటికి పారామౌంట్‌ను స్కైడ్యాన్స్ సంస్థతో కలిపే 800 కోట్ల డాలర్ల విలీనం ఎఫ్‌సీసీ అనుమతి కోసం ఎదురుచూస్తోంది. సీబీఎస్‌లోనే 'లేట్ షో' నడుపుతున్న స్టీఫెన్ కోల్‌బేర్ జూలై 14న తన కార్యక్రమంలో ఆ రాజీని లంచం అన్నారు. జూలై 17న సీబీఎస్, 2026 మేతో 'లేట్ షో' ముగిసిపోతుందని ప్రకటించింది. 1993లో డేవిడ్ లెటర్‌మన్‌తో మొదలై, 2015 నుంచి కోల్‌బేర్ చేతుల్లో నడిచిన కార్యక్రమం అది. కోల్‌బేర్ ఉద్యోగం పోవడం తనకెంతో ఇష్టంగా ఉందని అధ్యక్షుడు స్వయంగా రాశారు. జూలై 24న ఎఫ్‌సీసీ విలీనానికి 2–1 ఓట్ల తేడాతో అనుమతి ఇచ్చింది. వ్యతిరేకంగా ఓటు వేసిన ఒక్కరూ కమిషన్‌లో మిగిలి ఉన్న ఏకైక డెమోక్రాట్ ఆనా గోమెజ్. అనుమతికి ముందు స్కైడ్యాన్స్, వార్తా విభాగంపై వచ్చే పక్షపాత ఫిర్యాదులు వినడానికి ఒక అంబుడ్స్‌మన్‌ను నియమిస్తామని ఎఫ్‌సీసీకి రాతపూర్వకంగా హామీ ఇచ్చింది.

కార్యక్రమాన్ని ముగించడం కేవలం ఆర్థిక నిర్ణయమని సీబీఎస్ చెప్పింది. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. రాత్రి టీవీకి ప్రకటనల ఆదాయం ఏళ్లుగా పడిపోతూ వస్తోంది, ఆ కార్యక్రమం ఏటా దాదాపు నాలుగు కోట్ల డాలర్లు నష్టపోతోందని వార్తలు వచ్చాయి. రాజీ, రద్దు, అనుమతి అనే మూడింటి మధ్య సంబంధం ఉందని రుజువు చేసే కాగితం నా దగ్గర లేదు, మరెవరైనా చూపించినట్టు కూడా నేను చూడలేదు. కాబట్టి కోల్‌బేర్ సంగతిని అనుమానంగానే వదిలేస్తాను. సెప్టెంబరులో జరిగినదానికి అనుమానంతో పని లేదు. అది అందరూ వినేలా, కెమెరా ముందు జరిగింది.

సెప్టెంబరు 10న యూటాలోని ఒక విశ్వవిద్యాలయ ప్రాంగణంలో, ట్రంప్‌ను సమర్థించే సంప్రదాయవాద కార్యకర్త చార్లీ కర్క్ హత్యకు గురయ్యారు. ఆయన అభిప్రాయాలతో నాకు దాదాపు ఎక్కడా పొత్తు కుదరదు. కానీ ముప్ఫై ఒక్క ఏళ్ల మనిషిని, ఇద్దరు చిన్నపిల్లల తండ్రిని, మాట్లాడుతున్నందుకు తుపాకితో కాల్చి చంపడం కంటే వాక్‌స్వాతంత్ర్యం మీద పెద్ద దాడి ఏముంటుంది? ఆ సెప్టెంబరు 15న ఏబీసీ నెట్‌వర్కులో రాత్రి హాస్య కార్యక్రమం నడిపే జిమ్మీ కిమ్మెల్ తన మోనోలాగ్‌లో, అంటే కార్యక్రమం మొదట్లో ఒంటరిగా చేసే హాస్య ప్రసంగంలో, హంతకుడు తమవాడు కాదని చూపించుకోవడానికి ట్రంప్ అనుచరులు తంటాలు పడుతున్నారన్న అర్థం వచ్చే మాట అన్నారు. ఆ మాట తొందరపాటు మాట. హంతకుడి రాజకీయాల గురించి పూర్తి సంగతులు తెలియక ముందే అతణ్ని ఒక వర్గానికి అంటగట్టినట్టు వినిపించింది. శోకంలో ఉన్నవారిని అది నొప్పించిందని నేను ఒప్పుకుంటాను. దానికి జవాబు చెప్పాల్సింది ప్రేక్షకులు, ప్రకటనకర్తలు, సాటి కళాకారులు. వాళ్లు జవాబు చెప్పే లోపే ప్రభుత్వం మాట్లాడింది.

సెప్టెంబరు 17న ఎఫ్‌సీసీ ఛైర్మన్ బ్రెండన్ కార్ ఒక పాడ్‌కాస్ట్‌లో మాట్లాడుతూ, ఈ పని తేలిగ్గానూ చేయొచ్చు, కష్టంగానూ చేయొచ్చు అన్నారు. కంపెనీలు కిమ్మెల్ మీద చర్య తీసుకోవాలని, లేకపోతే ఎఫ్‌సీసీకి అదనపు పని ఉంటుందని చెప్పారు. కొన్ని గంటల్లోనే, దేశమంతా స్థానిక టీవీ స్టేషన్లు నడిపే నెక్స్‌స్టార్ సంస్థ తన ఏబీసీ స్టేషన్లలో కిమ్మెల్ కార్యక్రమాన్ని నిలిపేస్తున్నట్టు ప్రకటించింది. అలాంటిదే అయిన సింక్లెయిర్ సంస్థా అదే దారి పట్టింది. ఆ సాయంత్రమే ఏబీసీ, అంటే దాని యజమాని డిస్నీ, కార్యక్రమాన్ని నిరవధికంగా ఆపేసింది. ఆ మర్నాడు అధ్యక్షుడు, తన గురించి చెడుగా మాత్రమే చెప్పే నెట్‌వర్కుల లైసెన్సులు తీసేయాలేమో అని విలేకరులతో అన్నారు.

ఇక్కడ మనం ఒక్క క్షణం ఆగి, ఎఫ్‌సీసీ చేతిలో నిజంగా ఏముందో తెలుసుకోవాలి, ఎందుకంటే అసలు కథ అక్కడే ఉంది. 1934 నాటి కమ్యూనికేషన్స్ చట్టంతో ఏర్పడిన ఈ సంస్థ ఏబీసీ, సీబీఎస్, ఎన్‌బీసీ లాంటి నెట్‌వర్కులకు లైసెన్సు ఇవ్వదు. గాలిలో తరంగాల ద్వారా ప్రసారం చేసే స్థానిక స్టేషన్లకు మాత్రమే, ఎనిమిదేళ్లకు ఒకసారి, ప్రజాప్రయోజనం అనే కొలమానంతో లైసెన్సు పొడిగిస్తుంది. టీవీ స్టేషన్ల తదుపరి పొడిగింపుల వరుస 2028లో మొదలవుతుంది. కేబుల్ ఛానెళ్ల మీద, యూట్యూబ్ మీద, స్ట్రీమింగ్ మీద ఇలాంటి అధికారం దానికి లేదు. అదే చట్టంలోని 326వ సెక్షన్, ప్రసారాలను సెన్సారు చేసే అధికారం కమిషన్‌కు లేదని స్పష్టంగా చెబుతోంది. కాబట్టి ఒక జోకు నచ్చలేదని ఎఫ్‌సీసీ ఏ స్టేషన్ లైసెన్సునైనా రద్దు చేయడానికి పూనుకుంటే, ఆ వ్యవహారం ఏళ్ల తరబడి సాగి, చివరికి కోర్టులో ఓడిపోయే అవకాశమే ఎక్కువ. ఆ సంగతి ఛైర్మన్‌కు తెలుసు, ఆయన స్వయంగా ఈ రంగంలో ఆరితేరిన న్యాయవాది.

అయితే స్టేషన్ల యాజమాన్యం చేతులు మారాలంటే ఎఫ్‌సీసీ అనుమతి కావాలి. నెక్స్‌స్టార్ 2025 ఆగస్టులోనే టెగ్నా అనే మరో స్టేషన్ల సంస్థను 620 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. ఏ ఒక్క సంస్థ స్టేషన్లూ దేశంలోని 39 శాతానికి మించిన ఇళ్లకు చేరకూడదన్న పరిమితి ఒకటుంది. ఆ కొనుగోలు జరగాలంటే అప్పుడు ఆ పరిమితి సడలాల్సి ఉండింది. సడలించాలా వద్దా అన్న విషయంలో అప్పటికే కసరత్తు చేస్తున్నది ఎఫ్‌సీసీ. ఆ సంస్థ ఛైర్మన్, తేలిగ్గానా కష్టంగానా అని అడిగినప్పుడు, నెక్స్‌స్టార్ పెద్దలకు ఏం వినిపించి ఉంటుందో మీరే ఆలోచించండి. తమ నిర్ణయం సొంతంగా తీసుకున్నదేనని నెక్స్‌స్టార్ చెప్పింది. కానీ అనుమతి కోసం బల్ల ముందు నిలబడినవాడు సొంతంగా తీసుకునే నిర్ణయం ఎంత సొంతమో చెప్పడం కష్టం. నిషేధపు ఉత్తర్వు ఉంటే దాన్ని కోర్టులో సవాలు చేయవచ్చు. పాడ్‌కాస్ట్‌లో అన్న ఒక మాటను, దానికి భయపడి ఒక కంపెనీ తీసుకున్న వ్యాపార నిర్ణయాన్ని ఎక్కడ సవాలు చేయాలి?

ఈ మాట అన్నది ఉదారవాదులు మాత్రమే కాదు. టెక్సస్ రిపబ్లికన్ సెనెటర్, ఎఫ్‌సీసీని పర్యవేక్షించే సెనెట్ కామర్స్ కమిటీకి అధ్యక్షుడు అయిన టెడ్ క్రూజ్, కార్ మాటలు మాఫియా బెదిరింపుల్లా ఉన్నాయని, అది చాలా ప్రమాదకరమని బహిరంగంగా అన్నారు. కిమ్మెల్ అంటే తనకు ఇష్టం లేదని, ఆయన కార్యక్రమం ఆగినందుకు సంతోషిస్తున్నానని చెబుతూనే, ప్రభుత్వం ఇలా బెదిరించడం మొదలుపెడితే రేపు డెమోక్రాట్లు అధికారంలోకి వచ్చి ఇదే అధికారాన్ని మన మీద వాడతారని హెచ్చరించారు. క్రూజ్ రాజకీయాలతో నాకున్న దూరం చాలా పెద్దది, కానీ ఆ రోజు ఆయన సరైన మాట సరైన సమయంలో అన్నారు, అందుకు ఆయన్ని గౌరవిస్తాను.

కార్ గారి పాత మాటలే ఆయనకు జవాబు చెబుతాయి. 2019లో ఆయన, ప్రజాప్రయోజనం పేరుతో జనం మాటల మీద పోలీసు కాపలా కాసే అధికారం ఎఫ్‌సీసీకి లేదని రాశారు. 2022లో, రాజకీయ వ్యంగ్యం వాక్‌స్వాతంత్ర్యపు అతి పాత, అతి ముఖ్యమైన రూపాల్లో ఒకటని, అది అధికారంలో ఉన్నవారిని ప్రశ్నిస్తుందని రాశారు. 2021 ఫిబ్రవరిలో ఇద్దరు డెమోక్రాట్ కాంగ్రెస్ సభ్యులు, ఫాక్స్ న్యూస్, ఓఏఎన్, న్యూస్‌మాక్స్ ఛానెళ్లను ఇంకా ఎందుకు ప్రసారం చేస్తున్నారని కేబుల్ కంపెనీలను ప్రశ్నిస్తూ లేఖలు పంపినప్పుడు, కమిషనర్‌గా ఉన్న కార్ దాన్ని తీవ్రంగా ఖండించారు. అప్పుడు ఆయన చెప్పింది నిజం. మా పక్షంవారు చేసిన ఆ పని తప్పు. అధికారంలో ఉన్నవాడు ప్రసార కంపెనీకి రాసే ప్రశ్నాపత్రం ప్రశ్నాపత్రంగా మిగలదు. ఆ రోజు తప్పు అయినది, ఛైర్మన్ కుర్చీలోకి వచ్చాక ఎలా ఒప్పు అయిందో ఆయన వివరించాలి.

న్యాయస్థానం ఈ విషయంలో ఎప్పుడో తేల్చి చెప్పింది. న్యూయార్క్ రాష్ట్ర ఆర్థిక సేవల విభాగం అధిపతి మరియా వుల్లో, తుపాకుల హక్కుల సంఘమైన ఎన్ఆర్ఏతో సంబంధాలు తెంచుకోమని బీమా కంపెనీలపై ఒత్తిడి తెచ్చారన్న కేసులో, 2024 మేలో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తీర్పు ఇచ్చింది. ఒక ప్రభుత్వ అధికారి తనకు నచ్చని మాటలను అణచడానికి, తన నియంత్రణలో ఉన్న ప్రైవేటు కంపెనీలను ఆయుధంగా వాడుకోకూడదని ఆ తీర్పు సారాంశం. రాసింది కోర్టులో ఉదారవాదిగా పేరున్న జస్టిస్ సోనియా సోటోమయోర్. ఒత్తిడి తెచ్చిన అధికారి డెమోక్రాట్ ప్రభుత్వం నియమించిన మనిషి. ఎన్ఆర్ఏ తరఫున వాదించినవారిలో, దానితో దాదాపు ఏ విషయంలోనూ ఏకీభవించని పౌరహక్కుల సంఘం ఏసీఎల్‌యూ ఉంది. నాలాంటి వాళ్లకు ఆ తీర్పు మింగుడుపడడం కష్టమే కావచ్చు, కానీ ఆ తీర్పు వల్లే ఈ రోజు కిమ్మెల్ విషయంలో మేము గట్టిగా నిలబడి మాట్లాడగలుగుతున్నాం.

ఏబీసీ 2018లో హాస్యనటి రోజాన్ బార్‌ను ఒక జాత్యహంకారపు ట్వీటు రాసినందుకు తొలగించినప్పుడు మీరంతా ఎక్కడున్నారని కొందరు మిత్రులు అడుగుతారు. అడగదగిన ప్రశ్నే. ఆ రోజు ఏబీసీ తన ఇష్టంతో, తన ప్రేక్షకులను చూసుకుని ఒక నిర్ణయం తీసుకుంది. ఆ నిర్ణయానికి ముందు, చర్య తీసుకోకపోతే సంగతి చూస్తామని ఏ ప్రభుత్వాధికారీ అనలేదు. యజమాని ఉద్యోగిని తీసేయడం వేరు, తీసేయమని ప్రభుత్వం యజమానిని బెదిరించడం వేరు. రాజ్యాంగపు మొదటి సవరణ ఆపేది రెండోదాన్ని.

ఈ పద్ధతి మనకు కొత్తది కాదు. తెలుగు నేల మీద మనం దీన్ని పార్టీల తేడా లేకుండా చూశాం. 2014 జూన్‌లో, తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన కొద్ది రోజులకే, కొత్త శాసనసభ్యుల మీద టీవీ9లో ఒక వ్యంగ్య కార్యక్రమం వచ్చింది. దాని వెనుకే రాష్ట్రంలోని కేబుల్ ఆపరేటర్లు టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి ఛానెళ్లను నిలిపేశారు. ఇందులో మా ప్రమేయం లేదు, అది ఆపరేటర్ల సొంత నిర్ణయం అని ప్రభుత్వం చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 తర్వాత తమ ప్రసారాలు ఆగిపోతున్నాయని ఏబీఎన్, టీవీ5 వాపోయాయి. 2024లో ప్రభుత్వం మారగానే సాక్షి, టీవీ9, ఎన్టీవీ ఛానెళ్లు తెరల మీద మాయమయ్యాయి, ఢిల్లీ హైకోర్టు జోక్యం చేసుకోవలసి వచ్చింది. ప్రతిసారీ ఒకటే సమాధానం: ప్రభుత్వానికి సంబంధం లేదు, ఆపరేటర్ల ఇష్టం. ఆ సమాధానాన్ని మన ఇళ్లలో ఎవరైనా నమ్మారా? హైదరాబాదులో కేబుల్ ఆపరేటరు ఎందుకు భయపడ్డాడో విడమరచి చెప్పకుండానే అర్థం చేసుకున్న మనకు, నెక్స్‌స్టార్ ఎందుకు భయపడిందో అర్థం చేసుకోవడం కష్టం కాకూడదు. ఈ దేశంలో పుట్టి పెరిగినవారిలో చాలామందికి లేని అనుభవం అది. దాన్ని మనం వెంట తెచ్చుకున్నాం, దాన్ని వాడాలి.

రాత్రి టీవీ మోనోలాగ్ అంటే ఏమిటో కూడా మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. బుర్రకథలో కథకుడికి అటూ ఇటూ ఇద్దరు వంతలు ఉంటారు. ఒకరు హాస్యం, ఇంకొకరు రాజకీయం. కథ ఏ పల్నాటి యుద్ధమో, ఏ అల్లూరి చరిత్రో అయినా సరే, మధ్యలో ఆ రాజకీయ వంత ఆనాటి పాలకుల మీద, ధరల మీద, ఊరి పెత్తందారు మీద ఒక మాట విసిరి జనాన్ని నవ్వించి ఆలోచనలో పడేస్తాడు. మద్రాసులోని బ్రిటిష్ ప్రభుత్వమూ, హైదరాబాదులోని నిజాం ప్రభుత్వమూ బుర్రకథను నిషేధించాయి. కోల్‌బేర్, కిమ్మెల్ రోజూ మొదటి పది పన్నెండు నిమిషాలు చేసేది ఆ వంత పనే. అందులో మంచి జోకులుంటాయి, చప్పటి జోకులుంటాయి, అన్యాయమైనవీ ఉంటాయి. ఎప్పుడూ ఒక పార్టీ మీదే గురిపెడతారన్న విమర్శలో కొంత నిజముంది, అది కళాత్మకంగా కూడా లోపమేనని నా అభిప్రాయం. కానీ 1998లో బిల్ క్లింటన్ వ్యవహారం మీద జే లెనో, లెటర్‌మన్ నెలల తరబడి ప్రతి రాత్రీ జోకులు వేశారు. క్లింటన్‌ను నవ్వులపాలు చేస్తున్నారని అప్పటి ఎఫ్‌సీసీ స్టేషన్లను బెదిరించలేదు. అలాంటి ప్రయత్నం కోసం వెతకాలంటే నిక్సన్ దాకా వెళ్లాలి. వాటర్‌గేట్ కుంభకోణం వార్తలు రాస్తున్న వాషింగ్టన్ పోస్ట్‌కు ఫ్లోరిడాలో ఉన్న టీవీ స్టేషన్ల లైసెన్సులను నిక్సన్ సన్నిహితులు సవాలు చేశారు. ఆ జ్ఞాపకం అమెరికన్ రాజకీయాల్లో ఒక మచ్చగానే మిగిలింది.

కిమ్మెల్ సంగతి మంచిగానే ముగిసింది కదా అని అనుకోవద్దు. ముగిసిన మాట నిజమే. కళాకారులు వందల సంఖ్యలో ఏసీఎల్‌యూ లేఖపై సంతకాలు చేశారు, ప్రేక్షకులు డిస్నీ సభ్యత్వాలు రద్దు చేసుకున్నారు, సెప్టెంబరు 23న ఆయన తిరిగి తెర మీదకు వచ్చారు, ఒక యువకుడి హత్యను తేలిక చేయడం తన ఉద్దేశం ఎన్నడూ కాదని గొంతు వణుకుతూ చెప్పారు. ఆ రాత్రి టీవీలో అరవై లక్షల మందికి పైగా చూశారు. నెక్స్‌స్టార్, సింక్లెయిర్ కూడా 26న దిగివచ్చాయి. కానీ పరికరం అలాగే ఉంది, దాని వాడకం ఆగలేదు. 2026 జనవరిలో ఎఫ్‌సీసీ ఒక నోటీసు ఇచ్చింది. ఎన్నికల అభ్యర్థులకు సమాన సమయం ఇవ్వాలన్న నిబంధన నుంచి వార్తా ఇంటర్వ్యూలకు మినహాయింపు ఉంది. 2006లో గవర్నర్ ఎన్నికల్లో పోటీ చేస్తున్న నటుడు ఆర్నాల్డ్ ష్వార్జెనెగర్ విషయంలో లెనో కార్యక్రమానికి కూడా అది వర్తిస్తుందని ఎఫ్‌సీసీయే చెప్పింది. ఇప్పుడు టాక్ షోలు ఆ మినహాయింపు తమకు ఉందని భావించవద్దన్నది ఆ నోటీసు సారం. ఫిబ్రవరిలో కోల్‌బేర్, టెక్సస్ శాసనసభ్యుడు, సెనెట్ అభ్యర్థి జేమ్స్ టలరికోతో చేసిన ఇంటర్వ్యూ టీవీలో రాలేదు, యూట్యూబ్‌లో వచ్చింది. కంపెనీ లాయర్లు వద్దన్నారని కోల్‌బేర్ చెప్పారు, నిషేధించలేదు, చట్టపరమైన సలహా మాత్రమే ఇచ్చామని సీబీఎస్ చెప్పింది. ఇద్దరి మాటలూ నిజమే కావచ్చు. భయం పని చేసేది సలహా రూపంలోనే.

2025 డిసెంబరు 17న సెనెట్ కామర్స్ కమిటీ ముందు ఛైర్మన్ కార్ హాజరైనప్పుడు, ఎఫ్‌సీసీ స్వతంత్ర సంస్థేనా అని ఒక సెనెటర్ అడిగారు. చట్టప్రకారం స్వతంత్ర సంస్థ కాదన్నట్టు ఆయన జవాబిచ్చారు. ఆ విచారణ సాగుతుండగానే ఎఫ్‌సీసీ వెబ్‌సైటులో సంస్థ పరిచయంలో ఉన్న 'స్వతంత్ర' అన్న మాట తొలగిపోయింది. అధ్యక్షుడికి ఇష్టం లేని కార్యక్రమాల మీద చర్య తీసుకోవాలని అడిగే సంస్థ, అధ్యక్షుడి నుంచి తాను స్వతంత్రం కాదని ఒప్పుకుంటే, మిగిలిన కథ ఎవరైనా పూరించుకోవచ్చు.

ఇక ఈ లేఖను పౌరులకే ఎందుకు రాస్తున్నానో చెప్పాలి. కిమ్మెల్ కార్యక్రమం ఆగిన రెండు రోజులకు, సెప్టెంబరు 19న, కొత్త హెచ్‌1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము విధిస్తూ అధ్యక్షుడు ప్రకటన చేశారు. ఆ వారాంతం తెలుగు ఇళ్లలో ఎవరికీ నిద్ర లేదు. సెలవు మీద ఇంటికి వెళ్లినవారు విమానాల కోసం పరుగెత్తారు. ఆ భయంలో ఒక కమెడియన్ గురించి ఎవరూ ఆలోచించలేదు, ఆలోచించమని అడగడం కూడా న్యాయం కాదు. అక్టోబరులో, చార్లీ కర్క్ మరణం మీద చేసిన వ్యాఖ్యల కారణంగా ఆరుగురు విదేశీయుల వీసాలు రద్దు చేసినట్టు విదేశాంగ శాఖ ప్రకటించింది. డిసెంబరు 15 నుంచి హెచ్‌1బీ, హెచ్‌4 దరఖాస్తుదారులు తమ సోషల్ మీడియా ఖాతాలను అందరికీ కనిపించేలా పెట్టాలన్న నియమం వచ్చింది. దాంతో ఇండియాలో జరగాల్సిన ఇంటర్వ్యూలు నెలల తరబడి వాయిదా పడ్డాయి. విద్యార్థి వీసాలకు ఆ నియమం అంతకుముందే, జూన్‌లోనే, వచ్చింది. మన పిల్లలు, తమ్ముళ్లు, మేనకోడళ్లు ఇప్పుడు ఒక మీమ్‌ను లైక్ చేయాలన్నా ఆలోచిస్తున్నారు. ఎప్పుడో పెట్టిన పోస్టులు వెతికి తుడిచేస్తున్నారు. వాళ్లను ధైర్యంగా మాట్లాడమని నేను అడగను, అడిగే హక్కు నాకు లేదు. వాళ్లు కట్టాల్సిన మూల్యం నేను కట్టను.

మనం మాట్లాడగలం. మన వీసా ఎవరూ రద్దు చేయలేరు. పౌరసత్వ పరీక్షకు చదువుకున్న ఆ వంద ప్రశ్నల్లో ఆరోది మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది: మొదటి సవరణ ఇచ్చే హక్కుల్లో ఒకటి చెప్పండి. మాట్లాడే హక్కు, మత స్వేచ్ఛ, సమావేశమయ్యే హక్కు, పత్రికా స్వేచ్ఛ, ప్రభుత్వానికి అర్జీ పెట్టుకునే హక్కు అని అయిదూ కంఠస్థం చేశాం. ఆఫీసరు ముందు అందులో ఒకటి చెప్పి బయటపడ్డాం. చివరి హక్కు అయిన అర్జీని ఎంతమందిమి వాడుకున్నాం?

కాబట్టి మిమ్మల్ని కొన్ని పనులు అడుగుతున్నాను. కార్ కిమ్మెల్ విషయంలో ప్రస్తావించినది 'వార్తల వక్రీకరణ' అనే పాత ఎఫ్‌సీసీ విధానాన్ని. అది దశాబ్దాలుగా చాలా అరుదుగా వాడిన విధానం. దాన్ని రద్దు చేయాలని రెండు పార్టీలకూ చెందిన మాజీ ఛైర్మన్లు, కమిషనర్లు 2025 నవంబరులో ఎఫ్‌సీసీకి అర్జీ పెట్టారు. ఛైర్మన్ దాన్ని తోసిపుచ్చారు. ఎఫ్‌సీసీ వెబ్‌సైటులో ఎవరైనా తమ అభిప్రాయం నమోదు చేయవచ్చు, న్యాయవాది అక్కర్లేదు, అయిదారు వాక్యాలు చాలు. ఆ మాజీ కమిషనర్ల వాదనను సమర్థిస్తూ మీ పేరుతో రాయండి. మీ ఊళ్లోని ఏబీసీ, సీబీఎస్ స్టేషన్ల యాజమాన్యం ఎవరిదో కనుక్కుని, ప్రసారాల మీద నిర్ణయం తీసుకునేటప్పుడు ఎఫ్‌సీసీ నుంచి ఎలాంటి సూచనలు వచ్చినా ప్రేక్షకులకు చెప్పమని వారికి లేఖ రాయండి. ఆ స్టేషన్లు తమకు వచ్చే ప్రేక్షకుల లేఖలను, ఫోన్లను పట్టించుకుంటాయని సెప్టెంబరు చివరి వారంలో రుజువైంది.

టెక్సస్‌లో ఉన్న మీకు, ముఖ్యంగా ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ ప్రాంతాలవారికి, నా విన్నపం ఇంకా గట్టిది. మీ సెనెటరే ఎఫ్‌సీసీని పర్యవేక్షించే కమిటీకి అధ్యక్షుడు, ఆయన ఒకసారి నోరు విప్పారు కూడా. ఆయనకు ఓటు వేసినవారు రాస్తే ఆ లేఖకు, నాలాంటి న్యూజెర్సీ ఉదారవాది రాసే లేఖకంటే పదింతల విలువ ఉంటుంది. మీరు రిపబ్లికన్ అయితే రిపబ్లికన్‌గానే రాయండి, రేపు అధికారం మారినప్పుడు ఈ కత్తి మీ ఛానెళ్ల మెడ మీదకు వస్తుందనే రాయండి. అది నిజం కాబట్టి నాకేమీ అభ్యంతరం లేదు. అలాంటి రోజు వచ్చి, డెమోక్రాట్ ఛైర్మన్ ఎవరైనా ఫాక్స్ స్టేషన్లను ఇలాగే బెదిరిస్తే, అప్పుడు మీ పక్కన నిలబడి ఇదే లేఖ మళ్లీ రాస్తానని ఇక్కడ మాట ఇస్తున్నాను.

మన సంఘాల మహాసభలకు కాంగ్రెస్ సభ్యులు, గవర్నర్లు వస్తుంటారు. వేదిక మీద సన్మానం ముగిశాక, ప్రశ్నలకు అయిదు నిమిషాలు అడిగి తీసుకోమని సంఘాల కార్యవర్గాలను కోరుతున్నాను. వీసాల గురించి, పన్నుల గురించి అడుగుతూనే ఈ ఒక్కటి కూడా అడగండి: కంపెనీల కొనుగోళ్లకు అనుమతి ఇచ్చే ఎఫ్‌సీసీ, ఆ కంపెనీలు ప్రసారం చేసే మాటలను ఆ అనుమతికి ముడిపెట్టడాన్ని స్పష్టంగా నిషేధించే చట్టానికి మీరు ఓటు వేస్తారా, వేయరా? జవాబు అందరి ముందూ, మైకులోనే చెప్పమనండి.

ఇట్లు,
మీ తోటి పౌరురాలు,
న్యూజెర్సీ